స్విచ్చికి నేర్పు విద్య



పూర్వపు స్విచ్చి ఎరిగినది ఒక్క దీపమునే. తీగ ఎంతవరకు పోవునో దాని అధికారము అంతవరకే. నేటి స్విచ్చికి ఏ దీపమును వెలిగింపవలెనో, ఎంత కాంతితో వెలిగింపవలెనో ముందుగా నేర్పవలెను.

1975లో స్కాట్లండునందలి గ్లెన్‌రాథిస్ పట్టణమున పికో ఎలక్ట్రానిక్స్ వారు ఎక్స్-10 అను పద్ధతిని రూపొందించిరి. ఇందు ఇంటిలోని కరెంటు తీగలమీదనే ఆజ్ఞలు పోవును. ఇంటికి 16 అక్షరములలో ఒకటి, దీపమునకు 16 అంకెలలో ఒకటి. వెరసి 256 గుర్తులు. చిన్న చక్రములను త్రిప్పి వీనిని నిర్ణయించెడివారు. కాని పంపిన ఆజ్ఞ చేరినదో లేదో సామాన్యముగా స్విచ్చికి తెలియదు.

2005లో అమెరికాలో వెలువడిన ఇన్‌స్టియాన్ పద్ధతిలో ఆజ్ఞ అందినట్లు మారుపలుకు వచ్చును. ఒక స్విచ్చి మీటను అదిమి పట్టి, పిదప రెండవదాని మీటను అదిమినచో రెంటికిని పొత్తు కుదురును. ఆ పొత్తు స్విచ్చిల జ్ఞాపకములోనే నిలుచును.

దీని విలువ 2022 ఏప్రిలులో తేటపడినది. ఆ సంస్థ సర్వర్లు హఠాత్తుగా ఆగిపోగా, వానిపై ఆధారపడిన ఫోను ఆజ్ఞలు సాగలేదు. తమలో తాము పొత్తు కుదిరిన గోడ స్విచ్చిలు మాత్రము యథాప్రకారము పనిచేసినవి. ఆ జూన్‌లో ఆ పద్ధతిని వాడుకొనువారే కొందరు సంస్థను కొని నిలబెట్టిరి.

కావున ఇంటి జ్ఞాపకము ఇంటిలోనే ఉండుట మేలు. నడిరేయి లేచిన వృద్ధురాలైనను, క్రొత్తగా వచ్చిన చుట్టమైనను గోడను తడిమి మీట నొక్కగానే దీపము వెలుగవలెను. ఎన్ని విద్యలు నేర్చినను స్విచ్చి ఈ మొదటి ధర్మమును మరువరాదు.