సెలైన్ సీసా – సిరలో అన్నం – కాలేయం

 

తెలంగాణ పల్లెల నుండి మగ్గాన్ని నమ్ముకొని షోలాపురం చేరిన కుటుంబాలు మనవి. పవర్‌లూమ్ దగ్గర నిలబడే తండ్రికైనా, బీడీలు చుట్టే తల్లికైనా నీరసం వస్తే “డాక్టరుగారూ, ఒక సెలైన్ ఎక్కించండి” అంటాము. ఐదు శాతం గ్లూకోజు కలిసిన లీటరు సీసాలో ఉండేది 50 గ్రాముల చక్కెర. ఒక జొన్నరొట్టె ఇచ్చే శక్తిని అది మించదు. ఒకటి రెండు సీసాలతో కాలేయం చెడదు. అయితే అది అన్నమూ కాదు.

సిర ద్వారా సంపూర్ణాహారం ఇచ్చే వైద్యం వేరు. 1960లలో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో స్టాన్లీ డడ్రిక్ బృందం కుక్కపిల్లలను ఆ విధంగానే పెంచి చూపింది. పేగు పనిచేయని ఎందరో పసికందులు దానివల్లనే బ్రతికారు.

నా పూర్వ విద్యార్థిని ఒకామె బిడ్డ నెలలు నిండకుండా పుట్టాడు. పేగులో కొంత భాగం తీసివేయవలసి వచ్చింది. వారాల తరబడి సిరలోకే ఆహారం. బరువు పెరిగాడు గాని కళ్ళు పచ్చబడ్డాయి, మలం తెల్లబడింది. అమ్మమ్మ దిష్టి అన్నది. ఆమెను నేను తప్పు పట్టను.

కారణం ఇది. నోటి ద్వారా తిన్న ఆహారం పేగును చేరినప్పుడే కాలేయం నుండి పైత్యరసం సాఫీగా దిగుతుంది. పేగుకు పని లేనప్పుడు ఆ రసం చిక్కబడి కాలేయంలోనే నిలిచిపోతుంది. సిరలోకి చక్కెర మితిమీరితే కాలేయం దానిని కొవ్వుగా మార్చి దాచుకొంటుంది. సోయానూనెలోని కొన్ని పదార్థాలు పైత్యరసపు ప్రవాహాన్ని మరింత అడ్డుతాయి. గొట్టం వెంట సూక్ష్మక్రిములు చేరితే చెప్పనక్కరలేదు. నెలలు నిండని శిశువులకు ఈ ముప్పు అధికం. ఇటువంటి పిల్లల కొరకు చేపనూనెతో చేసిన ద్రావణాన్ని అమెరికా ప్రభుత్వం 2018లో అనుమతించింది.

అన్నిటికంటె మేలైన మందు మాత్రం పేగుకు తిరిగి పని కల్పించడమే. ఆ బిడ్డకు మొదటిరోజు ముక్కుగొట్టం ద్వారా ఒక్క మిల్లీలీటరు తల్లిపాలు పోశారు. మరునాడు రెండు. ఒకసారి కడుపు ఉబ్బితే ఆపి, మళ్ళీ ఒకటి నుండి మొదలుపెట్టారు. పాలు పెరిగిన కొద్దీ సిరలోకి ఇచ్చేది తగ్గించారు. కళ్ళ పసుపు పోవడానికి రెండు నెలలకు పైగా పట్టింది. తల్లి ప్రతి చుక్కనూ లెక్క వ్రాసుకొన్న నోటుపుస్తకం నాకు చూపింది. అది మన బడిలో వాడినదే. మొదటి పుటలలో ఆమె ఏడవ తరగతి లెక్కలు, నా ఎర్రసిరా దిద్దుబాట్లు అలాగే ఉన్నాయి.