భయానక రసము – ఒక లేడి, ఒక పులి



జమాబందీ లెక్కలు వ్రాసుకొను నన్ను ఈ రజతోత్సవ సభలో భయము గొలుపు చలనచిత్రములను గూర్చి మాటలాడుమన్నారు. నేనెరిగినది ఒక్కటే.

1985లో వంశీగారి ‘అన్వేషణ’ వచ్చినది. మన తలకోన అడవిలో తీసిన చిత్రము. జనులు పులి చేసినవని నమ్ము చావులు అందలి కథ. నాయుడుపేట హాలులో చూచుచు, పొదలు కదలినంతనే, పక్కనున్న చెల్లెలిని విడిచి వెలుపలికి పరుగెత్తితిని. పదేండ్ల పిల్ల ఒంటరిగా తుదివరకు చూచి వచ్చినది. ఇంట ఎవ్వరికిని చెప్పలేదు. చంపినదెవరో నాకును చెప్పలేదు.

ఈ గ్రంథాలయము వెలసిన పిమ్మట నాట్యశాస్త్రము పట్టితిని. భరతుడు చెప్పిన ఎనిమిది రసములలో భయానకమొకటి. దానికి స్థాయి భయము. ‘నాది’ యను తలపు తొలగిననే భయము రసమగునని వ్యాఖ్యాత అభినవగుప్తుని మతము. అందుకాయన చూపినది శాకుంతలమున దుష్యంతుని రథమునకు వెరచి పరుగెత్తు లేడిని. ఆ లేడి మెడ త్రిప్పి వెనుకకు చూచుచునే పోయినది. నేనదియును చేయలేదు.

నిరుడు ఆ చిత్రమును చెల్లెలింట మరల చూచితిని. పొదలు కదలినవి. ఆమె తెరనుండి చూపు మరల్పకయే, “ఈ తూరి లేచి పోబాకన్నా” అన్నది. కూర్చుంటిని. చంపినది పులి కాదు, మనిషి.