మూసీ కంపు ఎండ చేసింది కాదు

(విద్యార్థులు, ఉద్యోగులు కలిసి జరుపుకున్న సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



మూసీ గురించి మాట్లాడమన్నరు. ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం, ఫ్యాన్లు వేడిగాలి కొడుతున్నయ్. ఇట్లాంటప్పుడు నది చరిత్ర మొదలుపెడితే సగం మంది నిద్రపోతరు. అందుకని అందరికీ తెలిసిన ముచ్చటతోనే మొదలుపెడ్త. జిల్లాల నుంచి వచ్చేటోళ్లకు హైదరాబాద్ వచ్చిందని కండక్టర్ చెప్పే పని లేదు. బస్సు ఇమ్లీబన్ దగ్గరపడంగనే ముక్కు చెప్తది. చాదర్‌ఘాట్ బ్రిడ్జి, నాగోల్ బ్రిడ్జి ఎక్కడ దాటినా అంతే. మార్చి దాటితే చేతిరుమాలు ముక్కు మీదికి అదే పోతది.

ఎందుకింత కంపు అని అడిగితే రెండు జవాబులొస్తయ్. ఒకటి, ఎండలు బాబూ, పట్నమన్నంక ఎండలకు వాసన రాకుంటదా అని. రెండోది, జనం పెరిగిండ్రు, ఎవరికి వాళ్లు చెత్త తెచ్చి మోరీలో పోస్తున్నరు అని. రెండిట్లోనూ కొంత నిజమున్నది. కానీ ఈ రెండు జవాబులూ సర్కారుకు మస్తు సౌకర్యంగ ఉంటయ్. ఎండ మీద కేసు పెట్టలేం, జనాన్ని మాత్రం రోజూ తిట్టొచ్చు.

ముందు ఎండ సంగతి చూద్దాం. సైన్సు చదివే పిల్లలున్నరు, తప్పుంటే దిద్దండి. నీళ్లు చల్లగ ఉంటే ఎక్కువ ఆక్సిజన్‌ను పట్టుకుంటయ్, వేడైతే వదిలేస్తయ్. 20 డిగ్రీల దగ్గర లీటరు నీళ్లల్ల 9 మిల్లీగ్రాముల దాకా కరిగి ఉండే ఆక్సిజన్, 35 డిగ్రీలకు వచ్చేసరికి 7కు పడిపోతది. అదే వేడికి మురుగును తినే సూక్ష్మజీవుల ఆకలి పెరుగుతది. పది డిగ్రీలు పెరిగితే వాటి పని సుమారు రెండింతలు అయితది. అంటే తినేటోళ్లు పెరిగిండ్రు, గాలి తగ్గింది. గంటల్లోనే నీళ్లల్ల ఆక్సిజన్ అయిపోతది. అప్పుడు గాలి అక్కరలేని ఇంకో జాతి సూక్ష్మజీవులు రాజ్యానికొస్తయ్. మన సబ్బుల్లో, మూత్రంలో, తిండిలో ఉండే గంధకాన్ని అవి హైడ్రోజన్ సల్ఫైడ్ చేస్తయ్. కుళ్లిన కోడిగుడ్డు వాసన అదే. మూసీ అడుగు బురద నల్లగ ఉండేది కూడా దానివల్లనే, ఇనుముతో కలిసి నల్లబడుతది. నాలాల పక్కన బతికే ఆడోళ్లనడగండి, వెండి పట్టీలు, ఇత్తడి బిందెలు ఎంత తొందరగ నల్లబడ్తయో చెప్తరు. గోడకు ఏ మీటరూ పెట్టనక్కర లేదు, బిందెనే మీటరు.

ఇంకో సంగతి. పొద్దున్నే మొదటి బస్సుకు పోయే ఉద్యోగులు కంపు తెల్లారుగట్ల ఎక్కువంటరు, మధ్యాహ్నం అంత ఉండదంటరు. వాళ్లు చెప్పేది నిజమే. రాత్రి నేల చల్లబడి, దాన్ని అంటుకున్న గాలి బరువెక్కి కిందనే కూసుంటది. రాత్రంతా లేచిన వాసన అక్కడనే నిలుస్తది. పొద్దెక్కినంక గాలి వేడెక్కి పైకి లేస్తది, కంపును నాలుగు దిక్కులకూ చెల్లాచెదురు చేస్తది. మధ్యాహ్నం పుట్టే కంపు ఎక్కువ, ముక్కుకు తగిలేది తక్కువ.

అయితే వేడి చేసేది ఇంతే. ఉన్న మురుగును కుళ్లబెడ్తది, ఉన్న వాసనను లేపుతది. మురుగు లేని నీళ్లను ఎండ కంపు చెయ్యలేదు. గండిపేట మీద కూడా ఇదే ఎండ కాస్తది కదా! అక్కడ కట్ట మీద కూసొని జనం సాయంత్రం గాలి పీల్చుకుంటరు. అదే మూసీ, ఇరవై కిలోమీటర్లు కూడా దూరం లేదు.

గండిపేటకు, చాదర్‌ఘాట్‌కు మధ్యల ఏమయింది? 1908 సెప్టెంబర్‌లో మూసీ వరద వచ్చి వేల మంది పోయినంక, మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించిండ్రు. ఆయన సలహా మీద 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ తయారైనయ్. ఆయన పట్నానికి భూగర్భ డ్రైనేజీ పథకం కూడా ఇచ్చిండు. 1931 నాటికి ఆ మురుగు పైపుల వ్యవస్థ నడకలోకి వచ్చింది. అప్పటి లెక్క ఐదు లక్షల లోపు జనానికి. 2011 జనాభా లెక్కలకు జీహెచ్‌ఎంసీ పరిధిలో జనం 67 లక్షలు దాటిండ్రు. నడుమ ఏ రాజు, ఏ ముఖ్యమంత్రి ఎంత పైపు వేసిండో ఇప్పుడు వివరం చెప్పను, పొద్దుపోతది. వేసిన దానికన్న లేఅవుట్లు ఎక్కువ లేచినయ్, అంతే. ఆ లేఅవుట్ల మురుగు ఎటు పోవాలె? వాననీళ్ల కోసం ఉన్న నాలాలోకి పోయింది. నాలా చెరువులోకి, చెరువు మత్తడి దూకి ఇంకో చెరువులోకి, ఆఖరుకు మూసీలోకి. మన తాతలు చెరువుకు చెరువును గొలుసు కట్టింది నీళ్లు పారడానికి. ఆ గొలుసు ఇప్పుడు మురుగు పారే దారి అయింది.

ఎండాకాలం గండిపేట, హిమాయత్‌సాగర్ గేట్లు తెరవరు. కాబట్టి బాపూఘాట్ దిగువన ఏప్రిల్, మే నెలల్లో పారేది నది నీరని అనుకోవద్దు. అది మన స్నానాల గదులు, వంటిండ్లు, ఫ్యాక్టరీల నీరు. వానలొచ్చినప్పుడు పలచబడి కంపు తగ్గినట్టు కనిపిస్తది. మురుగు మాత్రం అంతే ఉంటది.

ఇప్పుడు ఒక లెక్క. 2021లో అధికారులే చెప్పిన మాట ప్రకారం జీహెచ్‌ఎంసీ పరిధిలో రోజుకు పుట్టే మురుగు 165 కోట్ల లీటర్లు. ఉన్న 25 శుద్ధి కేంద్రాలు శుద్ధి చేసేది 77 కోట్ల లీటర్లు. మిగిలిన 88 కోట్ల లీటర్లు రోజూ ఉన్నదున్నట్టు పారింది. ఆ ఏడే 3,866 కోట్ల రూపాయలతో ఇంకో 31 కేంద్రాలు మంజూరు చేసిండ్రు. వాటిలో కొన్ని తయారై నడుస్తున్నయ్ కూడా. మంచిదే, మంచిని మంచి అనాలె. కానీ కేంద్రం కట్టడం వేరు, దాని దాకా మురుగును తెచ్చే పైపు వెయ్యడం వేరు. పైపు లేని బస్తీ మురుగు కొత్త కేంద్రం గోడ పక్క నుంచే నాలాలో పోతది. రిబ్బన్ కత్తిరించే ఫొటోలో భూమి లోపలి పైపు కనపడదు, అందుకే దాని మీద ఎవరికీ మోజు లేదు.

నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఈ 88 కోట్ల లీటర్ల గురించే కాదు. మన పట్నంలో కంపును పోగొట్టే పని కన్న, కంపును ఇంకొకరి దిక్కు పంపే పని ఎక్కువ జరిగింది. హుస్సేన్‌సాగర్ చూడండి. 1560లలో కుతుబ్‌షాహీల కాలంలో తాగే నీళ్ల కోసం తవ్విన చెరువు. బాలానగర్, జీడిమెట్ల దిక్కు ఫ్యాక్టరీల నీళ్లు, బస్తీల నీళ్లు కూకట్‌పల్లి నాలా మోసుకొచ్చి అందులో పోసింది. బుద్ధుని విగ్రహం దాని నడుమ, పార్కులు, సెక్రటేరియట్ దాని ఒడ్డున. అక్కడ కంపు వస్తే పెద్దోళ్ల ముక్కుకు తగుల్తది. అందుకని ఆ నాలా మురుగును దారి మళ్లించి పైపులల్ల అంబర్‌పేట పంపిండ్రు. పటాన్‌చెరు దిక్కు రసాయన ఫ్యాక్టరీల సంగతీ అంతే. నక్కవాగు పాడై, బోర్లు పాడై, ఊర్లు కోర్టుకెక్కి ఏండ్లకేండ్లు కొట్లాడితే, ఆఖరుకు 18 కిలోమీటర్ల పైపు వేసి ఆ వ్యర్థ జలాలను కూడా అంబర్‌పేట దిక్కే తెచ్చిండ్రు. ఇండ్ల మురుగును శుద్ధి చెయ్యడానికి కట్టిన కేంద్రంలోకి మందుల కంపెనీల నీళ్లు! అంబర్‌పేట తర్వాత ఏమున్నది? మూసీ. మూసీ తర్వాత? ప్రతాపసింగారం, ఎదులాబాద్, పిల్లాయిపల్లి, వలిగొండ. అంటే దారి పాత నల్లగొండ జిల్లా దిక్కే.

నల్లగొండ పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగిన పిల్లలను చూపించి, కృష్ణ నీళ్లియ్యమని ఆ జిల్లా ఎన్నేండ్లు మొత్తుకున్నదో మీకు తెలుసు. ఉద్యమంలో మనం చెప్పని సభ లేదు. ఆ కృష్ణ నీళ్లను సాగర్ నుంచి ఎత్తి, అక్కంపల్లి, కోదండాపురం మీదుగ నల్లగొండ ఊర్ల పక్క నుంచే 2004 నుంచి హైదరాబాద్‌కు తెస్తున్నరు. ఇంట్లోకి వచ్చిన నీళ్లల్ల నూటికి 80 పాళ్లు మురుగు అయితయని ఇంజనీర్ల లెక్క. ఆ 80 పాళ్లు మూసీలో పడి మళ్లీ నల్లగొండకే పోతయ్. పోయేటప్పుడు మంచినీళ్లు, వచ్చేటప్పుడు మురుగు. రైతులు కత్వల నుంచి, కాలువల నుంచి ఆ నీళ్లే పారించి వరి పండిస్తరు. పట్నం దగ్గర దాంతోనే పశువుల గడ్డి పెంచుతరు, ఆ పాలు మన చాయ్‌లోకి వస్తయ్. ఆఖరుకు వాడపల్లి దగ్గర మూసీ పోయి కృష్ణలోనే కలుస్తది. చెత్తదీ ఇదే తీరు. పట్నం ఊడ్చిన చెత్తంతా జవహర్‌నగర్ గుట్ట అయింది. ఎండాకాలం గాలి తిరిగిన రోజు దమ్మాయిగూడ, నాగారం జనం కిటికీలు మూసుకోని అన్నం తింటరు.

1858 ఎండాకాలంలో లండన్‌లో థేమ్స్ నది ఇట్లనే కంపు కొట్టింది. అంతకు ముందు పాతికేండ్లల్ల కలరాతో వేల మంది బీదలు చచ్చిపోయిండ్రు, పార్లమెంటు కదలలేదు. ఆ ఏడు కంపు పార్లమెంటు భవనంలోకే వచ్చింది. కిటికీల పరదాలను సున్నపు మందులో ముంచి వేలాడదీసినా ఆగలేదు. అప్పుడు 18 రోజుల్లో చట్టం చేసిండ్రు, బజల్‌గెట్ అనే ఇంజనీరు చేతిలో డబ్బు పెట్టి పట్నమంతా మురుగు కాలువలు తవ్వించిండ్రు. (వాళ్లు కూడా మొదట చేసింది మురుగును పట్నం దాటించి కింది దిక్కు పొయ్యడమే, శుద్ధి తర్వాతి మాట.) మన సెక్రటేరియట్ హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఉన్నది. ఎదులాబాద్‌లో ఉంటే ఎట్లుండేదో మీరే ఆలోచించుకోండి.

కంపు ముచ్చటలో అందరికన్న దగ్గర ఉన్నది మ్యాన్‌హోల్‌లో దిగే మనిషి. హైడ్రోజన్ సల్ఫైడ్‌కు ఒక పాడు గుణమున్నది. కొంచెమున్నప్పుడు గుప్పుమంటది. ఎక్కువైతే ముక్కు నరాన్నే చంపేస్తది, వాసన తెలువదు. దిగినాయన కంపు పోయింది, బాగానే ఉన్నది అనుకుంటడు. రెండు నిమిషాల్లో కూలిపోతడు. ఆయనను లేపడానికి ఇంకొకాయన దిగుతడు. ఎండాకాలం పైపులో నీళ్లు తక్కువ, మడ్డి ఎక్కువ, గ్యాసు ఎక్కువ. మనుషులతో ఈ పని చేయించొద్దని 1993లో ఒక చట్టం, 2013లో ఇంకో చట్టం. చనిపోతే 10 లక్షలియ్యమని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది, 2023లో దాన్ని 30 లక్షలు చేసింది. 2025 జనవరిలో హైదరాబాద్‌తో కలిపి ఆరు మహానగరాల్లో మనుషులను దించుడు బంద్ చెయ్యమన్నది. దిగేటోళ్లు ఏ కులమోళ్లో, ఏ కాంట్రాక్టరు కింద పనిచేస్తరో ఇక్కడున్న ఉద్యోగులకు నేను చెప్పాల్నా?

ఉద్యమం రోజుల్లో మన చెరువులు కబ్జా అయితున్నయ్, శిఖం భూములు ప్లాట్లు అయితున్నయ్ అని ఉమ్మడి పాలకులను నిలదీసినం. ఆ నిలదీత సరైందే. 2014 జూన్ 2 నుంచి మన రాష్ట్రం, మన ముఖ్యమంత్రులు, మన ఇంజనీర్లు. గండిపేట, హిమాయత్‌సాగర్ పరీవాహక ప్రాంతానికి 1996లో కట్టిన రక్ష, 111 జీవోను, 2022లో ఎత్తేస్తున్నమన్నది మన సర్కారే. 2024లో మూసీ ఒడ్డున బీదోళ్ల ఇండ్ల మీద ఎర్ర రంగు గుర్తులు వేసిందీ మన సర్కారే. ఒక పార్టీ పోయి ఇంకో పార్టీ వచ్చింది, కంపు తీరు మారలేదు. నది బాగుపడాలంటే ముందు ఒడ్డున ఇండ్లు పోవాలన్నరు. నదిలో పోసే పైపులు ఎవరివో ఆ గుర్తులేసినోళ్లు రాసుకున్నరా? మూసారాంబాగ్ గుడిసె మురుగెంత, పటాన్‌చెరు కంపెనీ మురుగెంత? పరాయోళ్లను అడిగినప్పుడు లేచిన గొంతు మనోళ్లను అడిగేటప్పుడు కూడా అంతే లేవాలె.

అందుకని ఒక పని పెట్టుకున్నం. మీ మీ బస్తీ మురుగు ఏ శుద్ధి కేంద్రానికి పోతది, అసలు పోతదా. ఏప్రిల్, మే నెలల్లో ఆ కేంద్రంలోకి రోజుకు ఎంత వచ్చింది, ఎంత బయటికి పోయింది. బయటికి పోయిన నీళ్లల్ల బీఓడీ ఎంత. మ్యాన్‌హోళ్ల మిషన్లు మీ డివిజన్‌కు ఎన్ని ఉన్నయ్, మనుషులను దించిండ్రా. ఫ్యాక్టరీల నీళ్లు కలుస్తున్నయా. ఇవే ప్రశ్నలు. సమాచార హక్కు కింద పది రూపాయల దరఖాస్తు, ముప్పై రోజుల్లో జవాబియ్యాలె. ప్రశ్నలు టైపు చేసిన కాగితాలు బయట బల్ల మీద ఉన్నయ్. పోయేటప్పుడు తలా ఒకటి తీసుకపోండి. అంబర్‌పేట, నాగోల్, ఉప్పల్ దిక్కు నుంచి వచ్చినోళ్లు రెండు తీసుకోండి, ఒకటి కింది ఊర్ల చుట్టాలకు పంపండి.