గిద్దలూరు అడవిలో నీలి సాలీడు: ఫొటో ఓకే, లొకేషన్ మాత్రం వద్దు

నల్లమల అనగానే అందరూ అడిగేది ఒకటే: "పులి కనపడిందా?" ఈ ఎపిసోడ్‌లో పులిని కాసేపు పక్కన పెడదాం. పులులు చాలా దేశాల్లో ఉన్నాయి. కానీ మన గిద్దలూరు పక్క అడవిలో తప్ప ఇంకెక్కడా సహజంగా ఉన్నట్టు తెలియని జీవి ఒకటుంది. అదొక సాలీడు. కాళ్లు చాపితే మన అరచేయంత ఉంటుంది. రంగేమో నీలం. నెమలి మెడ చూశారు కదా, దాదాపు అలాంటి మెరిసే నీలం.

కథ 1899లో మొదలైంది. అనంతపురం వైపు గుత్తి తెలుసు కదా, అక్కడి రైల్వే కలప యార్డులో ఒక ఆడ సాలీడు దొరికింది. పోకాక్ అనే ఇంగ్లిష్ శాస్త్రవేత్త దానికి పోసిలోథీరియా మెటాలికా అని పేరు పెట్టాడు. అందుకే ప్రపంచమంతా దాన్ని ఇప్పటికీ గుత్తి టరాంటులా అనే పిలుస్తుంది. ఆ తర్వాత 102 ఏళ్లు శాస్త్రవేత్తలకు అది మళ్లీ కనపడలేదు. ఒక్కటంటే ఒక్కటి కూడా!

2001లో మళ్లీ దొరికింది. ఎక్కడ? గుత్తిలో కాదండీ, నంద్యాలకీ గిద్దలూరుకీ మధ్య ఉన్న అడవిలో. గుత్తికి ఇది దాదాపు 100 కిలోమీటర్ల దూరం. మరి అప్పట్లో గుత్తి దాకా ఎలా పోయింది? నడిచి పోలేదు. రైలెక్కి పోయింది!

నల్లమల మధ్యలోంచి పోయే మన రైలు మార్గాన్ని బ్రిటిష్ వాళ్ల కాలంలో, 1880లలో వేశారు. అప్పుడది మీటర్ గేజ్. కొండను తొలిచి సొరంగం, లోయ మీద దొరబావి వంతెన కట్టారు. బొగద అనే స్టేషన్ పేరే సొరంగం అని అర్థం. 1990లలో బ్రాడ్ గేజ్ కోసం దారి మార్చాక ఆ పాత వంతెన అడవిలో ఒంటరిగా మిగిలిపోయింది. ఆ రోజుల్లో అడవి కలప ఈ రైళ్ల మీదే బయటికి పోయేది. ఆ దుంగల తొర్రలో దాక్కుని సాలీడు గుత్తికి చేరి ఉంటుందని శాస్త్రవేత్తల అభిప్రాయం. అంటే ఊరు మనది, పేరు గుత్తిది! ఇంకో విషయం, అప్పటికి ప్రకాశం జిల్లానే లేదు. 1970 దాకా గిద్దలూరు, మార్కాపురం కర్నూలు జిల్లాలోనే ఉండేవి.

సరే, అసలు విషయానికొద్దాం. ఈ సాలీడు నేల మీద బొరియల్లో ఉండదు. పాత, పెద్ద చెట్ల తొర్రల్లో ఉంటుంది. పాత చెట్టు కొట్టేస్తే దాని ఇల్లు పోయినట్టే. కొత్త మొక్క నాటితే అది తొర్ర పట్టేంత చెట్టు కావడానికి ఎన్నేళ్లు పడుతుందో మీరే ఆలోచించండి. అది బతికే చోటు మొత్తం కలిపినా 100 చదరపు కిలోమీటర్లు లేదు. అందుకే 2008లో దాన్ని తీవ్రంగా అంతరించే ప్రమాదంలో ఉన్న జీవుల జాబితాలో చేర్చారు.

రెండో ప్రమాదం, దాని అందమే. విదేశాల్లో దీన్ని పెంపుడు జీవిగా కొంటారు. 2019లో ఈ జాతి సాలీళ్లన్నిటినీ సైట్స్ అనే అంతర్జాతీయ ఒప్పందం కిందికి తెచ్చారు. అనుమతి లేకుండా దేశాలు దాటించకూడదు. కానీ ఒప్పందం కాగితం మీద ఉంటుంది, చెట్టు అడవిలో ఉంటుంది. ఆ చెట్టు ఎక్కడుందో చెప్పేది మన ఫోనే కావచ్చు.

అందుకే ఫ్రెండ్స్, మీకెప్పుడైనా ఇది కనపడితే దూరం నుంచి ఫొటో తీసుకోండి. ముట్టుకోకండి, కుడితే బాగా నొప్పి. తొర్రలో పుల్ల పెట్టి కెలకొద్దు. ముఖ్యంగా లొకేషన్ ఆఫ్ చేసి, ఆ చెట్టు గుర్తులు కనపడకుండా పోస్ట్ చేయండి. నమ్మకంగా చెప్పాలనుకుంటే అటవీ శాఖ వాళ్లకు చెప్పండి. అడవిలో కాపలా, పులుల జాడలు చూసే పనుల్లో చెంచులు చాలామంది ఉన్నారు. అడవి గురించి వాళ్లకు తెలిసినంత మన యాప్‌లకు తెలీదు.

మరి అడవి ఎలా చూడాలి అంటారా? అనుమతి లేకుండా లోపలికి పోవద్దు. గిద్దలూరులో పగటిపూట నంద్యాల రైలెక్కండి. దిగువమెట్ట దాటాక ఫోన్ జేబులో పెట్టి కిటికీ పక్కన కూర్చోండి. సొరంగం చీకటి, మళ్లీ ఒక్కసారిగా పచ్చదనం. 1899కి ముందు ఒక చిన్న జీవి టికెట్ లేకుండా ఈ కొండల్లోంచే ప్రయాణం చేసిందని గుర్తు తెచ్చుకోండి.

ఈ వీడియో అందరికీ షేర్ చేయండి. ఆ చెట్టు అడ్రస్ మాత్రం ఎవరికీ వద్దు.