నత్తి, తాళము

మంచినీళ్లడుగబోయి “మ మ మ” యని తడబడు బాలుడే భజనలో కీర్తనను ఎచ్చటను ఆగక పాడును. దానిని చూచి “వీడు కావలెననియే నటించుచున్నా”డని కొందఱు గద్దింతురు. అది అన్యాయమని నా అభిప్రాయము.

ఏ అక్షరమెప్పుడు పలుకవలెనో మెదడు నిర్ణయించును. నత్తిగలవారిలో ఈ లోపలి తాళమే తప్పుచుండునని పెక్కు శాస్త్రజ్ఞుల అభిప్రాయము. పాటలో తాళము వెలుపలినుండి లభించును. పదిమందితో కలిసి పద్యము చదువునపుడు తోడివారి గొంతులే తాళమగును. చేతితో తట్టుచు అక్షరములను సమముగా పలికినను నత్తి చాలవఱకు తగ్గును. కాని తట్టుట మానినంతనే తఱచుగా మరల వచ్చును. వసకొమ్ము నాకించుట మన యిండ్లలో వాడుక. లోపము నాలుకది కానపుడు వస యేమి చేయగలదు?

ఆరవ జార్జి చక్రవర్తికిని నత్తి యుండెడిది. లయనెల్ లోగ్ అను శిక్షకుడు 1926 మొదలు ఆయనకు ఊపిరి నిలుపుటను, వాక్యమును విఱిచి పలుకుటను నేర్పెను. 1939 సెప్టెంబరు 3వ తేదీన ఆ చక్రవర్తి యుద్ధవార్తను రేడియోలో నెమ్మదిగా, నడుమ నడుమ ఆగుచు ప్రజలకు వినిపించెను.

పసితనమున మొదలగు నత్తి పెక్కుమందిలో దానంతటనే పోవును. నెలల తరబడి నిలిచినచో బాలుని వైద్యునికి చూపవలెను. అంతవఱకు వాని మాటను మనము పూరింపక, వాడే ముగించువఱకు వినుట మేలు.