రబ్బరు స్టాంపు సంతకం చెల్లుతుందా?
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనమంతా ఫైళ్ళ మధ్య పెరిగినవాళ్ళం. ఉత్తర్వు అసలు ప్రతిపై ఆఫీసరుగారు సంతకం చేసేవారు. సైక్లోస్టైలు ప్రతులపై ‘ఎస్‌డి’ అని ఉండేది. దాని కింద సూపరింటెండెంటు చేతి సంతకం పడితేనే కాగితం డిస్పాచికి వెళ్ళేది. కొన్నిచోట్ల ఆఫీసరుగారి సంతకాన్నే రబ్బరు స్టాంపుగా చేయించి బీరువాలో ఉంచేవారు.

అటువంటి సంతకం బొత్తిగా చెల్లదని మనలో చాలామంది నమ్మకం. అది పూర్తిగా నిజం కాదు. జేబులోని వంద నోటు తీసి చూడండి. రిజర్వు బ్యాంకు గవర్నరు సంతకం అచ్చు వేసినదే గదా! 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ 2(20) సెక్షన్ ప్రకారం సంతకమంటే స్టాంపు వేయడం కూడా వస్తుంది. తీర్పుకు, డిక్రీకి మాత్రం ఆ మినహాయింపు లేదు. మనసు పెట్టి నిర్ణయించిన కాగితానికి చేతి సంతకమే కావాలన్నమాట.

నా సర్వీసులో జరిగిన సంగతి ఒకటి మనవి చేస్తాను. ఒక అటెండరుకు ఇంక్రిమెంటు ఉత్తర్వు స్టాంపు సంతకంతో వచ్చింది. ఆయన రిటైరయ్యేనాడు ఆడిట్‌వారు నోటు ఫైలు అడిగారు. అందులో ఆఫీసరుగారి ఆమోదం లేదు. స్టాంపు ఎవరు వేశారో చెప్పేవారూ లేరు. పాపం, ఆ పేదవాడి పెన్షను నెలల తరబడి ఆగిపోయింది. తప్పు చేసినవారొకరు, శిక్ష అనుభవించినవారొకరు! స్టాంపు వెనుక అధికారి అనుమతి రికార్డులో ఉంటేనే దానికి విలువ.

2000 అక్టోబరు 17 నుండి ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ చట్టం అమలులోకి వచ్చి డిజిటల్ సంతకానికి గుర్తింపునిచ్చింది. సంతకాన్ని స్కాన్ చేసి అతికించిన బొమ్మ డిజిటల్ సంతకం కాదు. అసలైన డిజిటల్ సంతకం ఉన్న ఫైలులో ఒక్క అక్షరం మార్చినా పరీక్షలో బయటపడుతుంది. కనుక అలా వచ్చిన ఉత్తర్వును అచ్చు తీయించుకున్నా, కంప్యూటరు ఫైలును కూడా భద్రపరచుకోండి.

చివరగా ఒక హెచ్చరిక. వీలునామాకు ఈ చట్టం వర్తించదు. దానిపై మీ సంతకమో వేలిముద్రో పడాలి, కనీసం ఇద్దరు సాక్షులు సంతకం చేయాలి. మన పిల్లలు కోర్టుల చుట్టూ తిరగకుండా ఈ ఒక్క కాగితమైనా సక్రమంగా వ్రాసిపెడదాం.