240 గంటలు ఎవరికివ్వాలి?

జాతీయ సేవా పథకం (ఎన్‌ఎస్‌ఎస్) 1969 సెప్టెంబరు 24న మొదలైంది. అది గాంధీజీ శతజయంతి సంవత్సరం. తొలి ఏడాది 37 విశ్వవిద్యాలయాల నుంచి 40 వేల మంది విద్యార్థులు చేరారు. చేరిన విద్యార్థి ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్లలో 240 గంటలు సమాజానికి పనిచేయాలి. ఏడు రోజులు దత్తత గ్రామంలో ప్రత్యేక శిబిరంలో ఉండాలి. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి కళాశాలల ఎన్‌ఎస్‌ఎస్ యూనిట్లకూ నియమాలు ఇవే. ఏటా పట్టాలు అందుకునే వారిలో ఆ గంటలు పూర్తిచేసిన వారూ ఉంటారు.

గంటలు పూర్తికావడం సులువే. అవి ఎక్కడ ఖర్చయ్యాయన్నదే అసలు ప్రశ్న. పిచ్చిమొక్కలు పీకడం, అవగాహన ర్యాలీ తీయడం, ఫ్లెక్సీ ముందు ఫొటో దిగడం పనికిరానివని కాదు. కానీ పిచ్చిమొక్కలు వానాకాలం రాగానే మళ్లీ మొలుస్తాయి. అదే ఊరి జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో తొమ్మిదో తరగతి పిల్లకు డిగ్రీ చదివే అక్క రెండేళ్లపాటు అండగా నిలిస్తే, ఆ పని ఫలితం అంత తేలిగ్గా చెరిగిపోదు.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలు 2016 అక్టోబరు 11న ప్రధానంగా ఉమ్మడి వరంగల్ నుంచి ఏర్పడ్డాయి. మహబూబాబాద్ జనాభాలో మూడో వంతుకు పైగా గిరిజనులు. లంబాడా తండాలు ఎక్కువ, కొత్తగూడ, గంగారం వైపు కోయగూడేలు. భూపాలపల్లిలో సింగరేణి గనులు, చెల్పూరు విద్యుత్ కేంద్రం ఒకవైపు, గోదావరి ఒడ్డున పలిమెల వంటి అటవీ మండలాలు మరోవైపు. జనగామది మెట్టసేద్యం, వలస. మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు తెరుచుకున్నాయి. కళాశాల ఇంటి దగ్గరికి వచ్చినంత మాత్రాన తండా పిల్ల అందులో చేరిపోదు. మధ్యలో పదో తరగతి, ఇంటర్, ప్రవేశ పరీక్ష, వాటి దరఖాస్తులు, గడువులు ఉన్నాయి. చదువుకున్న ఇంట్లో ఇవన్నీ అన్నం తినేటప్పుడు మాటల్లోనే తెలిసిపోతాయి. ఇంట్లో బడి ముఖం చూసిన తొలి తరం పిల్లకు వాటిని చెప్పేవారుండరు. కళాశాల విద్యార్థి ముందుగా ఇవ్వగలిగింది ఈ సమాచారమే. ట్యూషన్ దాని తర్వాత.

జాతీయ ఉపకారవేతన పరీక్ష ఎన్‌ఎంఎంఎస్ సంగతే చూడవచ్చు. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల్లో ఎనిమిదో తరగతి చదివేవారు దీన్ని రాయవచ్చు. కుటుంబ ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు. మానసిక సామర్థ్యంపై 90, పాఠ్యాంశాలపై 90 ప్రశ్నలుంటాయి. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది వరకు ఏటా 12 వేల రూపాయలు వస్తాయి. ఇంతవరకు బాగానే ఉంది. చిక్కు కాగితాల దగ్గర వస్తుంది. ఆధార్‌లో ‘బానోత్’ అని, బడి రిజిస్టరులో ‘బానోతు’ అని ఉంటుంది. ఒకచోట ఇంటిపేరు ముందు, మరోచోట వెనక. ఆదాయ, కుల ధ్రువపత్రాలకు మీసేవకు తిరగాలి, పిల్ల పేరున బ్యాంకు ఖాతా తెరవాలి. దానికి నాన్న ఒకరోజు కూలి వదులుకోవాలి. డబ్బు మొదలయ్యాక కూడా ఏటా పోర్టల్‌లో రెన్యువల్ చేయకపోతే ఆగిపోతుంది. పరీక్ష గట్టెక్కిన పిల్ల కాగితం దగ్గర ఆగిపోవడం కంటే అన్యాయం లేదు. స్మార్ట్‌ఫోనూ కొంచెం ఓపికా ఉన్న డిగ్రీ విద్యార్థికి ఈ కాగితాలు సరిచూడడం ఒక పూట పని.

పాఠం చెప్పేచోట ఇంకో లాభముంది. ఇంట్లో లంబాడాల గోర్‌బోలీ లేదా కోయ, వీధిలో తెలుగు, పుస్తకంలో ఇంగ్లిషు. 2022–23 నుంచి ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది వరకు ఇంగ్లిషు మీడియం ప్రవేశపెట్టడంతో ఈ మూడు మెట్లూ చాలామంది పిల్లలు ఎక్కాల్సినవే అయ్యాయి. అదే తండా నుంచి వెళ్లి మహబూబాబాద్‌లో బీఎస్సీ చదివే అన్న భిన్నాలను గోర్‌బోలీలో చెప్పి, తెలుగులో చేయించి, ఇంగ్లిషులో రాయించగలడు. ఎంతటి మంచి ఉపాధ్యాయుడికైనా ఆ భాష రాకపోతే ఈ పని కుదరదు.

అయితే ఇందులో ఒక ప్రమాదం కూడా ఉంది. అమెరికాలో 1904లో న్యూయార్క్ బాలల న్యాయస్థాన ఉద్యోగి ఎర్నెస్ట్ కూల్టర్ మొదలుపెట్టిన, పిల్లలకు పెద్దవారిని తోడుగా ఇచ్చే ‘బిగ్ బ్రదర్స్’ ఉద్యమంపై పరిశోధనలు చాలా జరిగాయి. జీన్ గ్రాస్‌మన్, జీన్ రోడ్స్ 2002లో వెల్లడించిన ఫలితాలు ముఖ్యమైనవి. ఏడాది, అంతకు మించి సాగిన తోడు పిల్లలకు మేలు చేసింది. మూడు నెలలైనా నిలవకుండా తెగిన తోడు మాత్రం వాళ్ల ఆత్మవిశ్వాసాన్ని తగ్గించింది. ఏడు రోజుల శిబిరంలో ‘అన్నా’ అని వెంట తిరిగిన పిల్లవాడు ఎనిమిదో రోజు నుంచి ఎదురుచూస్తాడు. ఏడు రోజులు ఒక ఊరు తిరిగి రావడం కంటే రెండేళ్లు ఒక్క బడికి వెళ్లడం మేలు. ప్రధానోపాధ్యాయుడి అనుమతి, ఉపాధ్యాయుల ఎదుటే కూర్చుని చెప్పడం, ఆడపిల్లలకు అక్కలే తోడుండడం తప్పనిసరి. ఖాళీ ఉపాధ్యాయ పోస్టు నింపడం వలంటీరు పని కాదు, అది సర్కారు పని.

భూపాలపల్లి జిల్లాకు పేరిచ్చిన కొత్తపల్లి జయశంకర్ అధ్యాపకుడు, కాకతీయ విశ్వవిద్యాలయ ఉపకులపతిగా పనిచేశారు. ఆయన పేరున్న జిల్లాలో పిల్లకు దారి చెప్పేవారు లేరన్న మాట రాకూడదు.

ఇన్నాళ్లూ ఏ బడిపిల్లకైనా తోడు నిలిచినవారు పట్టా తీసుకుని ఊరు వదిలేలోపు, ఆ పిల్ల పేరు, తరగతి, ఇంకా తేవాల్సిన ధ్రువపత్రాలు, రాయాల్సిన పరీక్షల గడువులు ఒక కాగితం మీద రాసి, వచ్చే ఏడాది వలంటీరుకు అప్పగించాలి. వీలైతే ఆ జూనియర్‌ను బడికి తీసుకెళ్లి పిల్లకు పరిచయం చేసి రావాలి.